దోమ సరే... ఏ దోమ?

విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కితే శివలింగపురం దాటాక కొండలు దగ్గరికొస్తాయి. ఆ తర్వాతి చిన్న స్టేషన్ టైడా. మీలో కొందరు పిల్లల్ని తీసుకుని అక్కడ దిగే ఉంటారు. అడవి మధ్య కాటేజీలో ఒక రాత్రి గడిపి, మర్నాడు బొర్రా గుహలు, అరకు చూసుకుని ఆదివారం సాయంత్రానికి ఇంటికి చేరిపోతారు. మాలాంటి ప్రభుత్వ డాక్టర్లకి మాత్రం టైడా అనగానే ముందు గుర్తొచ్చేది జ్వరాలు. వానాకాలం మొదలైతే అక్కడి గూడేలకి వైద్య శిబిరాల కోసం వెళ్తుంటాం.

ఈమధ్య అలా వెళ్ళినప్పుడు మాతో వచ్చిన పీజీ అమ్మాయి జ్వరాల రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. సాయంత్రానికి తన థీసిస్‌కి అంశం దొరికిందని సంబరంగా చెప్పింది. టైడా చుట్టుపక్కల మలేరియా పెరిగిందా, తగ్గిందా? రిజిస్టర్ల ప్రకారం పెరిగింది. నిరుటికంటే పాజిటివ్‌లు ఎక్కువున్నాయి.

నిరుడు ఎంతమందికి రక్తపరీక్ష చేశారో, ఈ ఏడు ఎంతమందికి చేశారో చూశావా అని అడిగాను. చూడలేదు. లెక్క తేలిక కోసం ఇలా అనుకోండి. నిరుడు 100 మందికి పరీక్ష చేస్తే 10 మందికి మలేరియా ఉందని తేలింది. ఈ ఏడు ఆశా కార్యకర్తలు కిట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి 400 మందికి చేస్తే 20 మందికి ఉందని తేలింది. కేసులు రెట్టింపయ్యాయి. కానీ పరీక్ష చేసిన ప్రతి వందమందిలో చూస్తే 10 నుంచి 5కి దిగాయి. పోనీ తగ్గిందందామా? అదీ కుదరదు. నిరుడు జ్వరంతో వచ్చినవాళ్ళకే పరీక్ష చేశారు, ఈసారి జ్వరం లేనివాళ్ళకీ చేశారు. రెండు ఏళ్ళనీ పక్కపక్కన పెట్టడానికే లేదు. రిజిస్టర్ అబద్ధం చెప్పడం లేదు. మనం అడిగిన ప్రశ్నకి జవాబు అందులో లేదు, అంతే.

పాపం, అమ్మాయి ముఖం చిన్నబోయింది. తిరుగు రైల్లో ఆమెకి రోనాల్డ్ రాస్ కథ చెప్పాను. దోమల వల్లే మలేరియా వస్తుందని మన సికింద్రాబాద్‌లో కనిపెట్టిన డాక్టరని స్కూల్లో మీరూ చదివే ఉంటారు. ఆయన ఏం కనిపెట్టారో అందరికీ తెలుసు. కనిపెట్టడానికి ముందు ఎన్నిసార్లు తప్పు ప్రశ్న అడిగారో పెద్దగా ఎవరూ చెప్పరు. మీరు థీసిస్ రాయకపోవచ్చు. కానీ ఫలానా కషాయం తాగినవాళ్ళలో నూటికి తొంభైమందికి తగ్గిపోయిందట అనే సందేశం మీ ఫోన్‌కి వారానికొకటైనా వస్తుంది కదా. అందుకే మీకూ చెబుతున్నాను.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాసే పెద్దవాడు. ఎనిమిదేళ్ళకే చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. కుర్రాడికి కవిత్వం, సంగీతం, బొమ్మలు, లెక్కలు అంటే ప్రాణం. వైద్యం మీద మాత్రం మనసు లేదు. తండ్రి పట్టుబట్టి లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేర్పించారు. మన ఇళ్ళలో ఈ కథ కొత్తదేమీ కాదు! అత్తెసరు మార్కులతో గట్టెక్కి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు వచ్చారు.

1883లో బెంగళూరులో ఉండగా ఆయన బంగళాకి దోమల బెడద. చూస్తే కిటికీ దగ్గరున్న నీళ్ళ తొట్టిలో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. తొట్టి బోర్లించారు, దోమలు తగ్గాయి. తక్కిన చోట్ల కూడా ఇలా చేద్దామని పై అధికారితో అంటే ఆయన పట్టించుకోలేదు. అప్పటికి దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని రాస్‌కి తెలియదు. అయినా పద్ధతి గమనించండి: ఒక మార్పు చేశారు, ముందెంత, తర్వాతెంత అని చూశారు. మంచి ప్రశ్న ఆయనకి తెలియకుండానే చేతికి చిక్కింది. మళ్ళీ అలాంటిది దొరకడానికి పధ్నాలుగేళ్ళు పట్టింది.

మలేరియా రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవి ఉంటుందని 1880లోనే అల్జీరియాలో పనిచేసే ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ కనిపెట్టారు. రాస్ మైక్రోస్కోప్‌లో వెతికితే కనపడలేదు. దాంతో లావెరాన్ చెప్పింది తప్పనీ, ఈ జ్వరాలు పేగుల్లో పుట్టే విషం వల్ల వస్తాయనీ వ్యాసాలు రాశారు. తాను చూస్తున్నవి అసలు మలేరియా జ్వరాలేనా అన్నది ముందు తేల్చుకోలేదు. రకరకాల జ్వరాలు ఒకే గంపలో వేసి కారణం వెతికితే ఏ కారణమైనా సరిపోయినట్టే ఉంటుంది. మన రిజిస్టర్లలో జ్వరం అని ఒక్క మాట రాసి వదిలేసిన పేజీలు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. అందులో టైఫాయిడ్ ఉంటుంది, డెంగీ ఉంటుంది, స్క్రబ్ టైఫస్ ఉంటుంది, మామూలు వైరల్ జ్వరమూ ఉంటుంది.

1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోప్‌లో చూపించారు. తన తప్పు రాస్ ఒప్పుకున్నారు. మాన్సన్‌కి ఒక ఊహ ఉండేది. రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఈ జీవి పెరుగుతుంది, దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జ్వరం వస్తుంది. సగం నిజం, సగం తప్పు. ఆ ఊహ నెత్తినేసుకుని 1895లో రాస్ మళ్ళీ మన దేశం వచ్చారు. పోస్టింగ్ సికింద్రాబాద్.

అక్కడ ఆయన చేసిన ఒక పని ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. రోగుల్ని కుట్టిన దోమలు చచ్చిపడిన నీళ్ళని ఆరోగ్యవంతుల చేత తాగించారు. లచ్‌మన్ అనే యువకుడికి కొద్ది రోజులకి జ్వరం వచ్చింది. రాస్ ఎగిరి గంతేశారు. అయితే జ్వరం రెండుమూడు రోజుల్లో పోయింది. రక్తంలో మలేరియా జీవి కనపడలేదు. తర్వాత తాగించినవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు.

ఇక్కడ కాస్త ఆగండి. నీళ్ళు తాగాక జ్వరం వచ్చింది నిజమే. కానీ సికింద్రాబాద్‌లో అదే కాలంలో దోమలు పడని నీళ్ళు తాగినవాళ్ళలో ఎంతమందికి జ్వరం వచ్చింది? ఆ లెక్క లేకుండా లచ్‌మన్ జ్వరానికి అర్థం లేదు. కషాయం సందేశం మీ ఫోన్‌లో వచ్చినప్పుడు మీరూ అడగాల్సింది ఇదే. కషాయం తాగనివాళ్ళలో ఎంతమందికి తగ్గింది? వైరల్ జ్వరం చాలామందికి వారం లోపు దానంతటదే పోతుంది. తాగినవాళ్ళలో తొంభై, తాగనివాళ్ళలోనూ తొంభై అయితే కషాయం చేసిందేమిటి?

రాస్ దగ్గర సమాచారానికి కొదవ లేదు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనని కుట్టిన ఒక్కో దోమకి అణా చొప్పున తీసుకునేవాడు. దోమల్ని వందల్లో కోశారు, నోట్‌బుక్కులు నింపారు. నడుమ కలరా పనుల మీద బెంగళూరు పంపించేశారు, అలా చాలాకాలం పోయింది. మొత్తం మీద రెండేళ్ళు గడిచినా దోమ కడుపులో పెరుగుతున్న జీవి జాడ లేదు. ఎందుకంటే ఆయన ప్రశ్న, దోమల్లో మలేరియా జీవి పెరుగుతుందా అన్నది. దోమలంటే ఏ దోమలు? ఇళ్ళ చుట్టూ తొట్లలో, కుండల్లో తేలిగ్గా దొరికే బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఇప్పుడు మనం క్యూలెక్స్, ఏడిస్ అంటున్న జాతులవి. మనిషి మలేరియా వాటిలో పెరగదు. అలాంటి దోమల్ని లక్ష కోసినా ఫలితం సున్నాయే.

డేటా ఎక్కువుంటే నిజం దానంతటదే బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మా ఎండీ రోజుల్లో, జ్వరాల్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే ప్రాణానికి ప్రమాదం పెరుగుతుందా అని వార్డులోని కేసు షీట్లన్నీ దులిపాను. లెక్క తేల్చితే ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళే బాగా కోలుకున్నట్టు వచ్చింది! కొన్ని వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాక తట్టింది. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే చాలు, మనిషి కులాసాగా ఉన్నా భయంతో చేర్చుకునేవాళ్ళం. ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నవాళ్ళయితే ఒళ్ళు తెలియని స్థితిలో వస్తేనే చేర్చుకునేవాళ్ళం. వార్డు తలుపు దగ్గరే లెక్క వంకరపోయింది. షీట్లు ఇంకో రెండు వేలు తిరగేసినా వంకర పోయేది కాదు. మలేరియాలో ప్లేట్‌లెట్లు తగ్గడం మామూలే, సరైన మందు పడితే చాలామందిలో వాటంతటవే పెరుగుతాయి. ఆ అంకె ఒక్కటే చూసి హడలిపోకండి.

రాస్ దగ్గరికి వద్దాం. 1897లో ఊటీ వెళ్ళినప్పుడు మలేరియాకి పేరుమోసిన సిగూరు లోయలో దిగారు. దోమతెర కట్టుకుని, కిటికీలు మూసుకుని పడుకున్నా మలేరియా వచ్చింది. అక్కడే గోడ మీద ఒక కొత్త రకం దోమ కనిపించింది. రెక్కల మీద మచ్చలున్నాయి. తక్కిన దోమల్లా గోడకి సమాంతరంగా కాకుండా తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంది. ఆయన ప్రశ్న ఆ దోమతోనే మారిందని నా ఉద్దేశం. దోమ సరే, ఏ దోమ?

జూన్‌లో సికింద్రాబాద్ తిరిగొచ్చారు. ఆగస్టులో ఆయన మనుషులు అలాంటి మచ్చల రెక్కల దోమల పిల్లల్ని నీళ్ళలోంచి పట్టి తెచ్చారు. వాటిని సీసాల్లో పెంచి పెద్దచేశారు. ఎందుకింత శ్రమ? ఇంట్లో పట్టిన దోమ అంతకుముందు ఎవర్ని కుట్టిందో తెలియదు. సీసాలో పుట్టినది ఇంకా ఎవర్నీ కుట్టలేదని ఖాయం. ఆగస్టు 16న పది దోమల చేత హుస్సేన్ ఖాన్‌ని కుట్టించారు. అతని రక్తంలో మలేరియా జీవి ఉందని ముందే చూసి పెట్టుకున్నారు. ఆ తర్వాత రోజుకి కొన్ని చొప్పున కోస్తూ వచ్చారు. విపరీతమైన ఎండ. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని అదీ లేదు. చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 20న, అంటే కుట్టిన నాలుగో రోజున, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా జీవిలో కనపడే రేణువుల్లాంటివే అవి. మర్నాడు ఇంకో దోమని కోస్తే అవే కణాలు మరికాస్త పెద్దవిగా ఉన్నాయి. పెరుగుతున్నాయన్నమాట. అదే రోగుల్ని కుట్టిన బూడిదరంగు, చారల దోమల్లో అలాంటివి ఎన్నడూ కనపడలేదు.

ప్రశ్న ఎంత సన్నబడిందో చూడండి. ఈ ఒక్క జాతి దోమలో, పరాన్నజీవి ఉందని తేలిన రోగిని కుట్టాక, వేరే జాతి దోమలతో పోలిస్తే, కడుపు గోడలో ఈ కణాలు కనిపిస్తాయా, ఎన్నో రోజున? ఎవరిలో, దేనివల్ల, ఎవరితో పోల్చి, ఏం చూసి, ఎంత కాలానికి. మా విద్యార్థులకి చేతి ఐదు వేళ్ళు చూపించి ఈ ఐదూ చెబుతుంటాను. ఏ ఒక్కటి లేకపోయినా పిడికిలి బిగుసుకోదు.

ఇంతలో ప్రభుత్వం ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వారాకి బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులే పెద్దగా లేరు. బదిలీల సంగతి ప్రభుత్వ డాక్టర్లకి కొత్తగా చెప్పాలా! 1898 ఫిబ్రవరికి కలకత్తా చేరారు. ప్లేగు టీకాల భయంతో అక్కడ సూది గుచ్చనిచ్చే మనుషులు దొరకలేదు. దాంతో పిచ్చుకల మలేరియా మీదికి మళ్ళారు. మనిషిలో తేలనిది పిట్టలో తేల్చడమా అని కొందరికి అనిపించొచ్చు. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో ఇదే అన్నిటికంటే అందమైనది.

మూడు పిచ్చుకలు. ఒకదాని రక్తంలో పరాన్నజీవులు చాలా ఉన్నాయి, ఇంకోదానిలో ఓ మాదిరిగా, మూడోదానిలో అసలు లేవు. ఒక్కోదాన్ని కుట్టిన దోమల్లోంచి పదేసి తీసి కణాలు లెక్కపెట్టారు. మొదటిదాన్ని కుట్టిన పది దోమల్లో 1009. రెండోదాన్ని కుట్టినవాటిలో 292. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కుట్టినవాటిలో ఒక్కటీ లేదు. ఇక వాదించడానికి ఏముంది? జులైలో ఆ జీవులు దోమ లాలాజల గ్రంథిలోకి చేరుతున్నాయని చూశారు. రోగం నీళ్ళ వల్ల కాదు, కాటు వల్ల అని దాంతో తేలింది. ఆరోగ్యంగా ఉన్న 28 పిచ్చుకల్ని అలాంటి దోమల చేత కుట్టిస్తే 22 జబ్బుపడ్డాయి. అదే ఏడు చివర్లో ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు ఎనాఫిలిస్ దోమ కాటుతో మనిషికి మలేరియా వస్తుందని నిరూపించారు.

గొప్పతనం ఎవరిదన్న దాని మీద రాస్, గ్రాసీ జీవితాంతం కొట్టుకున్నారు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కే వచ్చినా ఆయన కోపం చల్లారలేదు. తర్వాత గురువు మాన్సన్‌తోనూ చెడింది. ఒళ్ళు అప్పగించిన హుస్సేన్ ఖాన్ పేరు, కలకత్తాలో పగలూ రాత్రీ పనిచేసిన సహాయకుడు మొహమ్మద్ బక్స్ పేరు మన పాఠాల్లో ఎక్కడున్నాయి?

1899లో రాస్ ఉద్యోగం వదిలి లివర్‌పూల్ వెళ్ళిపోయారు. దోమని పట్టుకున్నాక ఆయన్ని వేధించిన ప్రశ్న వేరు. దోమల్ని తగ్గిస్తే మలేరియా తగ్గుతుందా? లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1900ల మొదట్లో ప్రభుత్వం ఇది పరీక్షించింది. కాలవలు, గుంటలు పూడ్చారు. మలేరియా పోలేదు. దోమల నిర్మూలన దండగని తేల్చేశారు. రాస్ మండిపడ్డారు. శుభ్రం చేసిన చోటు చాలా చిన్నది, చుట్టూ ఉన్న దోమలు ఎగిరి రావా? మొదలుపెట్టకముందు దోమలెన్ని, తర్వాత ఎన్ని అని సరిగ్గా లెక్కపెట్టారా? దోమ ఎంత దూరం తిరుగుతుందన్నది ఆయన్ని లెక్కల్లోకి లాగింది. గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 1905లో నేచర్ పత్రికలో వేసిన ప్రసిద్ధమైన తాగుబోతు నడక లెక్కకి మూలం రాస్ దోమలే. ఇప్పుడు షేర్ మార్కెట్ వాళ్ళు కూడా ఆ లెక్క వాడుతున్నారు.

తర్వాత మారిషస్ వెళ్ళి, దీవి అంతటా పిల్లల కడుపులు తడిమించి, ప్లీహం వాచినవాళ్ళు ఎందరో లెక్కగట్టించారు. ఏ ఊళ్ళో మలేరియా ఎంతుందో ఒకే కొలతతో పోల్చడానికది. ప్రతి దోమనీ చంపనక్కర్లేదు, మనుషుల సంఖ్యతో పోల్చి దోమల సంఖ్య ఒక మట్టానికి దిగితే చాలు, మలేరియా తానే ఆరిపోతుందని సమీకరణాలతో చూపించారు. నేటి అంటువ్యాధుల గణితానికి పునాదులు వేసినవాళ్ళలో ఆయనొకరు. 1914 యుద్ధంలో పెద్ద కొడుకుని పోగొట్టుకున్నారు. 1931లో భార్య రోజా పోయారు. మరుసటి ఏడు సెప్టెంబర్ 16న లండన్‌లో రాస్ కన్నుమూశారు. హైదరాబాద్‌లో మనం ఫీవర్ ఆసుపత్రి అనే నల్లకుంట ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

రైలు కొత్తవలస చేరేసరికి మా అమ్మాయి నోట్‌బుక్కులో ప్రశ్న తిరగరాసింది. టైడా చుట్టుపక్కల కొన్ని గూడేల్లో, జూన్ నుంచి నవంబర్ దాకా, జ్వరం మొదలైన మూడు రోజుల్లోపు పరీక్ష చేయించుకున్న బడిపిల్లల్లో, అంతకుముందు మూడు వారాలూ రోజూ దోమతెర కింద పడుకున్నవాళ్ళకీ, పడుకోనివాళ్ళకీ కొత్తగా సోకిన మలేరియా శాతంలో తేడా ఎంత?

కొత్తగా అన్న మాట ఆమే చేర్చింది, నాకు ముచ్చటేసింది. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. పధ్నాలుగు రోజుల ప్రైమాక్విన్ కోర్సు మధ్యలో ఆపేస్తే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అది దోమతెర లోపం కాదు, దాని ఖాతాలో రాయకూడదు. ఇంకో చిక్కు గెడ్డలతో. ఆ కొండల్లో మలేరియా మోసే ఫ్లూవియాటిలిస్ అనే ఎనాఫిలిస్ దోమ మురుగులో పెరగదు, నెమ్మదిగా పారే గెడ్డల అంచుల్లో, గడ్డి నీడన పెరుగుతుంది. గెడ్డ పక్క ఇంటివాళ్ళు దోమలెక్కువని తెరలు ఎక్కువ వాడొచ్చు, జ్వరాలూ వాళ్ళకే ఎక్కువ రావొచ్చు. అప్పుడు తెర వల్లే మలేరియా వస్తోందన్నట్టు లెక్క తేలుతుంది. కాబట్టి ఇంటికీ గెడ్డకీ దూరం కూడా రాయాలి.

పాత రిజిస్టర్లలో ఇవేవీ లేవు. జ్వరం మొదలైన తేదీ, తెర వాడారా, గెడ్డ ఎంత దూరం, గత మూడు వారాల్లో ఏ ఊళ్ళో పడుకున్నారు, ఇంతకుముందు మలేరియా మందు పూర్తిగా వాడారా అని స్కేలు పెట్టి కొత్త గళ్ళు గీసుకుంది. థీసిస్ ఒక ఏడాది ఆలస్యమవుతుంది. కానివ్వండి.

ఏ ఊళ్ళో పడుకున్నారన్న గడి మీకూ వర్తిస్తుంది. టైడాలో సోకిన జ్వరం విశాఖలోనో, హైదరాబాద్‌లోనో బయటపడుతుంది. ఫాల్సిపారం అయితే తరచు ఒకటి రెండు వారాల్లో, వైవాక్స్ అయితే ఒక్కోసారి నెలలు గడిచాక. మీరు చెప్పకపోతే సిటీ డాక్టరుకి మలేరియా తట్టకపోవచ్చు, పరీక్ష ఆలస్యం కావచ్చు. ఫాల్సిపారంలో ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. అరకు వైపు వెళ్ళొచ్చాక ఎవరికైనా జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ఏ తేదీన వెళ్ళారు, ఎన్ని రాత్రులు ఉన్నారు, ఏ ఊళ్ళో పడుకున్నారు అన్న మూడు సంగతులూ డాక్టరు అడగకపోయినా చెప్పండి.